పన్నెండింటి సైరన్

బల్లల మీద పాత పేపర్లు పరచాలి. పూలకుండీల దుమ్ము తుడవాలి. బ్రష్షులు నానబెట్టాలి. బంతినారు తడిపి నీడన పెట్టాలి. ఎర్రరంగు డబ్బా రాయెన్ కంటపడకుండా దాచాలి.

ఓరియానా టీచర్ పొద్దున్నే ఒక్కో పనీ ముగించుకుంది.

వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. చేసే పనిలో మాట రానివ్వదు.

సెప్టెంబర్ నెల. చిలీలో ఒక రేవు ఊరు, కొండ మీద బడి. వసంతం వచ్చిందని పిల్లలు కుండీలకు రంగులు వేసే రోజు. 'సాయం చేయగలవారు ఎవరైనా రావచ్చు' అని గేటుకు బోర్డు కట్టింది కూడా ఆమే.

అమ్మలొచ్చారు. అమ్మమ్మలొచ్చారు. చివర్లో, టోపీ చేత్తో పట్టుకుని, ఒక మగమనిషి వచ్చాడు.

"ఎవరి తాలూకండీ?"

"ఎవరి తాలూకూ కాదమ్మా. నన్ను నిబాల్దో అంటారు. బోర్డు చూసి వచ్చాను."

"రంగులు వేయడం వచ్చా?"

"నా పనే అది, ఇళ్ల గోడలకు వేస్తాను. కుండీ అంటే గుండ్రటి గోడే కదా."

ఆడవాళ్లు నవ్వారు. టీచర్ నవ్వలేదు.

"ఆ పాప పక్కన కూర్చోవచ్చా?"

అతను చూపించింది రాయెన్‌ని. టీచర్‌కి అది నచ్చలేదు. కానీ బోర్డు కట్టింది తనే.

ఫిబ్రవరిలో కొండ అంటుకుని రాయెన్ వాళ్ల ఇల్లు కాలిపోయింది. అప్పట్నుంచీ తలుపు మూస్తే గదిలో ఉండదు. ఎర్రరంగు చూస్తే వణుకుతుంది. ఫైర్ స్టేషన్ వాళ్లు రోజూ పన్నెండింటికి మోగించే సైరన్‌కి ఊరంతా గడియారాలు సరిచేసుకుంటుంది, రాయెన్ మాత్రం బల్ల కింద దూరి వెక్కివెక్కి ఏడుస్తుంది. ఆ భయం పోగొట్టే పూచీ నాదని రాయెన్ అమ్మమ్మకు టీచర్ మాటిచ్చింది.

"ఏం వేస్తున్నావు తల్లీ?" నిబాల్దో పక్కన కూర్చుని అడిగాడు.

"ఇల్లు."

"ఇన్ని తలుపులా!"

"ఎటు నుంచైనా బయటికి రావొచ్చు."

"తెలివైన పని. నేనూ అంతే. లోపలికి వెళ్లేముందే బయటికి దారి చూసుకుంటాను."

రాయెన్ కిలకిలా నవ్వింది.

అప్పుడే సైరన్ మోగింది.

రాయెన్ బ్రష్ పారేసి బల్ల కిందికి దూరబోయింది. అతను ఒక్క ఊపున ఆ పిల్లను ఎత్తుకున్నాడు. తలను తన భుజానికి అదుముకుని, వంగి, గబగబా వాకిట్లోకి నడిచాడు. కుండీ కిందపడి పగిలింది.

"పట్టుకోండి! పిల్లనెత్తుకుపోతున్నాడు!" టీచర్ కేక పెట్టింది.

ఆడవాళ్లంతా చుట్టుముట్టారు.

"అది పన్నెండింటి సైరనయ్యా! చిలీలో పుట్టినవాడు దాన్ని విని గడియారం చూసుకుంటాడు, పిల్లల్నెత్తుకుని పరిగెడతాడా?"

"పాప భయపడిందని..."

"దాని భయం సంగతి నీకేం తెలుసు?" టీచర్ గద్దించింది.

"పిన్నీ, ఈయన..." అంది రాయెన్. ఆ బళ్లో పిల్లలందరికీ టీచర్ పిన్నే.

"నువ్వు మాట్లాడకు!"

అతను పిల్లను మెల్లగా దించాడు.

"తప్పు నాదేనమ్మా."

లోపలికి వెళ్లి, కుండీ పెంకులు ఏరి టోపీలో వేసుకుని, తలవంచుకుని వెళ్లిపోయాడు.

"పిల్ల దొరక్కపోతే పెంకులైనా చాలనుకున్నాడు" అంది ఒక అమ్మమ్మ. ఈసారి టీచర్ కూడా నవ్వింది.

ఆ రోజు సైరన్ మోగినంతసేపూ రాయెన్ ఏడవలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

కొన్నాళ్లకు గేటు కాపలా ముసలాయన అతికించిన కుండీ ఒకటి తెచ్చాడు.

"ఆ రంగుల మనిషి ఇచ్చాడు. రాయెన్‌కట."

"మళ్లీ దాని మనసు చెదరగొట్టడానికా?" అంటూ టీచర్ దాన్ని బీరువా మీదికి తోసేసింది.

డిసెంబర్‌లో రేవు దగ్గర గోదాము అంటుకుంది. మంటలార్పడానికి వెళ్లినవాళ్లలో ఒకరు తిరిగి రాలేదు.

అక్కడ ఫైర్ వాళ్లకు జీతం ఉండదు. ఒకరు రొట్టెలు కాలుస్తారు, ఒకరు బస్సు తోలుతారు, సైరన్ మోగితే అన్నీ వదిలి పరిగెత్తుతారు. అలాంటి మనిషి పోతే ఊరంతా కదులుతుంది. పిల్లలు కూడా బంతులు పూసిన తమ కుండీలు పట్టుకుని బయల్దేరారు. రాయెన్‌వి వట్టి చేతులు. వేరే దారిలేక టీచర్ బీరువా మీది కుండీ దించి ఇచ్చింది.

ఫైర్ స్టేషన్ గుమ్మంలో పెద్ద ఫొటో. నెత్తిన హెల్మెట్. దాని కింద తెలిసిన ముఖం.

టీచర్ గుమ్మంలోనే ఆగి ఆ ఫొటోను మళ్లీ చూసింది.

లోపల కెప్టెన్ హాజరు పిలుస్తున్నాడు. పిలిచినవాళ్లు "ఉన్నాను" అంటున్నారు.

"నిబాల్దో!"

అందరూ ఒక్క గొంతుతో అన్నారు: "ఉన్నాడు!"

కెప్టెన్ పిల్లలతో ఉన్న టీచర్ దగ్గరికొచ్చాడు.

"వసంతం పండక్కి మీ బడికొచ్చాడు కదమ్మా. ఎలా జరిగిందిరా అంటే, టీచరమ్మ పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకుంటోంది, ఇంక బెంగలేదు అన్నాడు."

టీచర్ తలెత్తలేకపోయింది.

రాయెన్ అతుకుల కుండీని ఫొటో కింద పెట్టింది. అది పెట్టేసరికి పన్నెండింటి సైరన్ మోగింది. పిల్ల కదల్లేదు, చెవులు మూసుకోలేదు.

"భయం వేయలేదా?" టీచర్ వంగి అడిగింది.

"ఈయన ఉన్నాడుగా పిన్నీ. మా ఇల్లు కాలినప్పుడు ముఖానికి మాస్కుంది, కనబడలేదు. కానీ నన్ను లోపల్నుంచి ఇలాగే, తల భుజానికి అదుముకుని ఎత్తుకొచ్చాడు. ఆ రోజు చెప్పబోయాను, నువ్వే మాట్లాడకన్నావు."

ఓరియానా టీచర్ రోజూ పన్నెండింటికి పాఠం ఆపి నిలబడుతుంది. మీ వీధిలో సైరన్ వినబడినప్పుడు మీరు కూడా, గోడలకు రంగులేసే నిబాల్దో అనే మనిషిని, ఒక్కసారి తలుచుకోండి.