ఇవ్వని పాస్

"కట్!" అని అరిచి దర్శకుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. హీరో తన్నిన బంతి ఈసారి కూడా నేరుగా వెళ్లి గోల్‌కీపర్ చేతుల్లో పడింది. పాపం, వదిలేద్దామన్నా ఆ గోల్‌కీపర్‌కి వీలు కావడం లేదు.

ఒకప్పటి ఫుట్‌బాల్ కెప్టెన్ జీవితం మీద సినిమా అది. గుడ్డపీలికల బంతితో సందులో ఆడిన రోజులు, మోకాలు విరిగి మంచాన పడ్డ ఏడాది, పెళ్లి, ఆఖరి మ్యాచ్‌లో కన్నీళ్లు, అన్నీ షూటింగ్ అయిపోయాయి. మిగిలింది ఆ గోల్ ఒక్కటే. మైదానం కుడి అంచు నుంచి తన్నితే గోల్‌కీపర్ నెత్తి మీదుగా వంపు తిరిగి, అవతలి మూలలో దిగి కప్పు తెచ్చిపెట్టిన గోల్. అది లేకపోతే సినిమానే లేదు. పొద్దు వాలితే స్టేడియం ఖాళీ చేయాలి, రేపటి నుంచి వేరేవాళ్లకి ఇచ్చేశారు.

"కంప్యూటర్లో బంతిని తిప్పేద్దాం సార్" అన్నాడు కెమెరామన్.

"జనం ఉమ్మేస్తారయ్యా! ఆ గోల్ చూడనివాడెవడు?"

పక్కన కుర్చీల్లో అసలు కెప్టెన్, ఆయన జట్టులోనే ఆడిన నిచ్చెన కూర్చుని ఉన్నారు. మనిషి అంత పొడుగు కాబట్టి ఆ పేరు. పొద్దుటి నుంచి నిచ్చెనది ఒకటే సణుగుడు.

"ఆ రోజు అవతలి పక్క నేను ఖాళీగా నిలబడి చెయ్యి ఊపుతున్నానా లేదా? ఒక్క పాస్ ఇస్తే నీ సొమ్మేం పోయేది? పేరంతా నీకే రావాలి! స్వార్థపరుడా!"

"నిజమేరా, తప్పే" అన్నాడు కెప్టెన్ నవ్వుతూ. ఏళ్ల తరబడి ఆ మాటకి ఇదే జవాబు. పెళ్లిళ్లలో కలిసినా ఇదే, ఆస్పత్రిలో పలకరించుకున్నా ఇదే.

సూర్యుడు స్టాండు వెనక్కి జారుతున్నాడు. దర్శకుడికి ఏడుపొక్కటే తక్కువ. ఆయన మొహం చూసి కెప్టెన్‌కి జాలేసింది. బొజ్జ సవరించుకుంటూ లేచి మైదానంలోకి నడిచి, హీరో భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఏదో చెప్పాడు. హీరో తెల్లబోయి చూశాడు. కెప్టెన్ కన్ను గీటి వచ్చేశాడు.

"యాక్షన్!"

హీరో తన్నాడు. బంతి లేచింది, గోల్‌కీపర్ నెత్తి మీదుగా వంపు తిరిగింది, అవతలి మూలలో దిగి వలను ఊపేసింది. అచ్చం అదే గోల్! ఒకటే ఈలలు, కేకలు. లైట్‌బాయ్‌లు హీరోని భుజాలకెత్తుకున్నారు. సణుగుడు మానేసి నిచ్చెన కూడా ఆ గుంపులోకి పరుగెత్తాడు.

దర్శకుడు కెప్టెన్ చేతులు పట్టుకున్నాడు. "నన్ను నిలబెట్టారు సార్! ఇంతకీ ఏం మంత్రం వేశారు?"

నిచ్చెన ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని కెప్టెన్ గొంతు తగ్గించాడు. "గోల్ సంగతి మర్చిపోయి, అవతల నిచ్చెన వేషం వేసినవాడికి పాస్ ఇవ్వమన్నాను."

"పాసా! అదేంటి సార్?"

"ష్... మెల్లగా! స్వార్థపరుడని తిట్టినా ఇన్నేళ్లూ హాయిగా పడ్డాను. ఆ రోజు వీడికి ఇచ్చిన పాసే గురి తప్పి గోల్లో పడిందని తెలిస్తే, నన్ను బతకనిస్తాడా?"