ఎవరు నిలబడ్డారు?

చనిపోయినవాళ్ల ఫొటోలు గోడనిండా వేలాడే తమ మావోరీ తెగ సభాగృహంలో, దీపం ఆర్పి నైరీ పరుపు మీద వాలింది. బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగని నాయనమ్మ బొమ్మను కంప్యూటర్‌లో తయారు చేయించి, ఆ సాయంత్రమే వాటి పక్కన తగిలించింది.

పక్క పరుపు మీద మెరియానా అత్త గొణిగింది. "తీసెయ్యవే పిల్లా. వీళ్లంతా కెమెరా ముందు నిలబడ్డవాళ్లు. దానికెవరు నిలబడ్డారు?"

"అచ్చం నాయనమ్మే కదత్తా!"

"అయితే ఏంటే? నిలబడాల్సిన చోటు ఖాళీగా ఉంటే, ఎవరైనా వచ్చి నిలబడతారు."

నైరీ నవ్వేసి దుప్పటి కప్పుకుంది. కాసేపటికి అత్త గురక మొదలైంది. ఆ తరువాత, కొత్త పటం ఎదురుగా చెక్కనేల కిర్రుమంది. చీకట్లో దువ్వెన మెల్లగా జుట్టులోంచి జారిన చప్పుడు.

ఆపైన, ఫొటో దిగేవాళ్లలా, ఎవరో ఊపిరి బిగబట్టారు.