పదకొండు డబ్బాలు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురే. వసారా మంచం మీద అవ్వ కృష్ణవేణమ్మ, టీవీ ముందు చిన్నాయన ఓబుళేశు, వంటింట్లో మిక్సీలో చెనిక్కాయల పొడి కొడుతున్న అమ్మ అలివేలు, గదిలో ఫోను ముందు యామిని. ఆ ఫోనులో ఇంకో ఐదుగురు. అవ్వకు నచ్చనిది ఆ ఐదుగురే.

"తలుపు తీసి పెట్టు పాపా! మగోళ్ల గొంతులు ఇనబడతాండాయి," అంటూ అవ్వ లేచొచ్చి చేతికర్రతో తలుపు నెట్టింది.

ఆడపిల్ల ఫోను పట్టుకుంటే గది తలుపు తెరిచే ఉండాలి. అది ఆ ఇంటి చట్టం.

"మీటింగ్ అవ్వా! గోలంతా లోపలికొస్తాంది. ఒక్క పది నిమిషాలు..."

"నాకూ చెవులుండాయి. నన్నూ ఇననీ," అంటూ అవ్వ మళ్లీ మంచమెక్కింది.

ఆ మీటింగ్, ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఉచితంగా తయారుచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ గురించి. అందులో తెలుగు ఫాంట్ కుదరక అక్షరాల చోట ఖాళీ గళ్లు కనబడితే ఏం చేయాలో యామిని ఒక పేజీ రాసింది. దాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నదే ఇవాళ్టి పంచాయితీ.

"లోపల రాసింది బాగానే ఉంది," అన్నాడు హైదరాబాదు నుంచి ధనుంజయ. "పైన శీర్షిక చూడండి. 'అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయా?' అట! మన పద్ధతి ప్రకారం 'ఫాంట్ ప్రత్యామ్నాయ అమరికలు' అని ఉండాలి. డబ్బాలని ఎవరైనా వెతుకుతారా? తీసేసి కొత్తగా రాద్దాం."

యామిని మైకు నొక్కింది. ఇన్నాళ్లూ ఈ మీటింగుల్లో టైపు చేయడమే తప్ప నోరు విప్పింది లేదు.

"సార్... మా అవ్వ పింఛను కాయితంలో పేరుండాల్సిన చోట పదకొండు డబ్బాలు పడినాయి సార్. ప్రత్యామ్నాయమనే మాట మాకు తెలీదు. మాకు కనబడింది డబ్బాలే."

సరిగ్గా అప్పుడే మిక్సీ గుర్రుమంది. టీవీలో ఎవరో బావురుమన్నారు.

"ఒక్క ముక్క ఇనబడలేదమ్మా," అన్నాడు మీటింగ్ నడుపుతున్న కడప శివశంకర్ సార్. "యాడుండావు, సంతలోనా? ఇంకొక్కసారి చెప్పు. ఈసారీ ఇనబడకపోతే ధనుంజయ మాటే ఖాయం."

వసారాలో మంచం కిర్రుమంది. కర్ర టకటకమంటూ గడప దాకా వచ్చి ఆగింది.

యామిని తలుపు వైపు చూసింది. ముక్కూమొహం తెలియని మగవాళ్ల ముందు అవ్వ పింఛను సంగతి ఎత్తింది. ఇంక ఫోను పోయినట్టే, పేజీ పోయినట్టే. ఫోనును రెండు చేతులా పట్టుకుంది.

"ఏమే, నా డబ్బాల కత ఆళ్లకు చెప్తాండావా?"

యామిని తల దించుకుని ఊఁ అంది.

"నీ పేరేందని ఆ పొద్దు ఆఫీసాయన నన్నే అడిగె! నా పేరుండే కాయితం ఆయన చేతిలో పెట్టుకోని!"

అవ్వ గిర్రున వెనక్కి తిరిగింది. "ఓబుళేశూ, ఆ ఏడుపు కట్టెయ్! అలివేలూ, మిక్సీ ఆపు!"

ఇల్లు ఒక్కసారిగా సద్దుమణిగింది.

"మొదట్నుంచి చెప్పు. గట్టిగా చెప్పు. పదకొండులో ఒక్కటి తగ్గించినా ఊరుకునేది లేదు," అంటూ అవ్వ తలుపు మూసేసింది.