అక్రోటు ఆకుల నీళ్ళు

"ఈ ఒక్కటీ దాచకక్కా! నీ టమాటాలకి ఆ పీపాలోంచి ఏం తీసి పోస్తావు?" అంది స్నెజానా, కంచె మీదికి వంగి.

నోనా వినబడనట్టు కలుపు లాగుతూనే ఉంది. గుడ్డు పెంకుల సంగతి ఇదివరకే చెప్పింది. పొయ్యి బూడిద సంగతి చెప్పింది. గొర్రెల ఎరువు ఎంత మాగాలో చెప్పింది. ఇక మిగిలింది పీపాలో కుళ్ళబెట్టిన దురదగొండి ఆకు నీళ్ళొక్కటే. అదీ చెప్పేస్తే, సోఫియా నగరం వదిలి వచ్చిన ఈ మనిషికి కంచె దగ్గర పనేముంటుంది? వీధిలో మిగతా ఇళ్ళన్నిటికీ తాళాలే. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని "అక్కా" అంటూ వచ్చే గొంతు ఇదొక్కటే.

"చచ్చిన కంపు కొడుతోంది. ఏం నానబెట్టావసలు?"

"అక్రోటు ఆకులు," అంది నోనా.

అనేసి నాలుక కరుచుకుంది. అక్రోటు చెట్టు నీడలో టమాటా బతకదని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఆకుల రసం ఇంకిందంటే మొక్క వాడి చస్తుంది, మట్టి కొన్నాళ్ళపాటు ఎందుకూ పనికిరాదు. కానీ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ట్రామ్ నడిపిన మనిషికి అవన్నీ ఎక్కడ తెలుస్తాయి?

"ఓరి దేవుడా! పెరట్లో అంత చెట్టు పెట్టుకుని నేను ఊరంతా వెతుక్కుంటున్నానా!" స్నెజానా అప్పుడే చొక్కా చేతులు పైకి మడిచింది. "నీ రుణం ఉంచుకోనక్కా, చూడు."

ఈ ఏడు పోతే పోయింది, వచ్చే ఏడు అసలు సంగతి చెబుదాం, అనుకుంది నోనా. అందాకా అడుగుతూనే ఉంటుంది. అందాకా వస్తూనే ఉంటుంది.

మోకాళ్ళ నొప్పికి వేడినీటి బుగ్గల్లో స్నానాలు చేసి రమ్మని డాక్టరు నోనాను పంపించాడు. నోనా టమాటా మడికి నీళ్ళు పెట్టే పూచీ స్నెజానా తీసుకుంది. సంచీ మోసుకుంటూ బస్సు దాకా కూడా వచ్చింది.

"ఈసారీ కాయకపోతే ఇల్లమ్మేసి సోఫియా పోదామనుకున్నానక్కా. మట్టే నన్ను వద్దంటుంటే ఎన్నాళ్ళు బతిమాలను? ఇప్పుడిక భయం లేదులే. పీపా నిండా ఆకు నానేశాను."

బస్సు తలుపు మూసుకుంది. నోనా అద్దం మీద దబదబా కొట్టింది.

"కూర్చో మామ్మా! పడ్డావంటే నా మెడకు చుట్టుకుంటుంది," అని అరిచాడు డ్రైవరు.

ఆరోగ్యశాలలో రోజూ సాయంత్రం ఫోను దగ్గరికి వెళ్ళేది. "నీతో అబద్ధమాడాను, పారబోసెయ్" అనాలి. అంతే కదా, నాలుగు మాటలు. ఆ మాటలు విన్న మనిషి మళ్ళీ కంచె దగ్గరికి వస్తుందా?

"అక్కడ వానలు పడుతున్నాయా?" అనేది.

"పడుతున్నాయి. నా మొక్కల్ని వచ్చి చూడక్కా, వచ్చి చూడు!" అని స్నెజానా నవ్వేది. అది ఏడుపో, నవ్వో తేలక నోనాకు నిద్ర పట్టేది కాదు.

తిరిగొచ్చిన రోజు సొంత ఇంటి వైపు చూడనైనా చూడలేదు. తప్పు ఒప్పుకునే మాటలు బస్సులో కూడబలుక్కుంది. సంచీ ఈడ్చుకుంటూ తిన్నగా స్నెజానా గుమ్మంలోకి పోయింది. ఇంటి ముందు అమ్మకపు బోర్డు లేదు. వెనక పెరట్లో టమాటాలు నడుమెత్తు పెరిగి, గులాబీ రంగు కాయలతో కర్రల మీద వాలిపోయి ఉన్నాయి.

నోనా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. కూడబలుక్కున్న మాటలన్నీ గుటుక్కున మింగేసింది.

"అయితే సోఫియా పోవుగా?"

"ఇంత పంట వదిలేసా? చచ్చినా పోను!" స్నెజానా వచ్చి కావిలించుకుంది. ఆమె చేతులు కంపు కొడుతున్నాయి. "అంతా నీ చలవే అక్కా."

నోనా కడుపు నిండిపోయింది. ఒక ఏడు కాదు, ఇక ఎన్నేళ్ళయినా ఈ గొంతు కంచె దాటి వస్తూనే ఉంటుంది. దేవుడు తన అబద్ధాన్ని కూడా ఎరువుగా మార్చాడు.

"మరి ఆ నీళ్ళు... నీ మొక్కల్నేమీ చెయ్యలేదా?"

"నావి వానలకే లేచాయి, వాటికి అక్కర్లేకపోయింది," అంది స్నెజానా, తడి బకెట్టు బోర్లిస్తూ. "నీ పీపా చూస్తే అడుగంటింది, మీ ఇంట్లో అక్రోటు చెట్టూ లేదాయె. అందుకే బాగా కుళ్ళనిచ్చి, ఒక్క చుక్కయినా నాకుంచుకోకుండా, ఇవాళ పొద్దున్నే మొత్తం నీ మడికే పోశానక్కా!"