మొదటి శ్రోత

బొబ్బిలిలో వీణలు చేసే తిరుమలరావుకు తన వెబ్‌సైట్‌ను అసలు ఎవరైనా చూస్తున్నారో లేదో తెలియడం లేదు. చూడకపోతే మూసేద్దామనుకున్నాడు. ఆ రాత్రి భార్య ఈశ్వరి, సర్వర్‌ను ఎవరేం అడిగినా, అదేం జవాబిచ్చినా తెరమీద పడేలా లాగింగ్ పెట్టింది.

కాసేపటికే ఒక వరుస పడింది. ‘రిక్వెస్ట్: ఓ పాట వినిపించండి.’

“ఒసే, ఎవులో వచ్చినారే!” తిరుమలరావు చిందులేశాడు.

‘రెస్పాన్స్: వినిపిస్తున్నాం.’

“బావా, మనం సైట్లో ఏ పాటా ఎక్కించనేదు కదా?” అంది ఈశ్వరి.

పక్కగదిలో వీణ మోగింది. అక్కడున్న ఒకే ఒక్క వీణకు ఇంకా తీగలు కట్టలేదు. అయినా ఎంత కమ్మగా మోగిందంటే, ఇద్దరూ భయపడడం మరిచిపోయి, నవ్వుకుంటూ చేతులతో తాళం వేశారు.

పాట ఆగింది. తెరమీద మరో వరుస పడింది. ‘రిక్వెస్ట్: ఇంకొకటి, ఈసారి పాడుతూ.’

పక్కగదిలో ఎవరో గొంతు సవరించుకున్నారు.