గిర్ని గోడ మీది తూకాలు

“జల్ది కానియ్యి భాయ్, ముందుగాల ఆ లోపలి గోడ పడగొట్టు,” అన్నాడు మైసయ్య జేసీబీ డ్రైవర్‌తో. పొద్దున్నుంచీ ఆయనదే హడావిడి. సొంత గిర్ని కూలుతుంటే ఇంత ఉబలాటం ఎవరికైనా ఉంటుందా!

“ఆగన్నా! ఆ గోడ జోలికి పోవద్దు!” రాహేలు రొప్పుతూ వచ్చి అడ్డం నిలబడింది.

అఫ్జల్‌గంజ్ వెనక గల్లీలోని ఆ పిండి గిర్ని నిజాం జమానాలో మైసయ్య తాత కట్టింది. మూడు తరాలు దాని మీదే బతికాయి. జొన్నలూ గోధుమలే కాదు, పసిపిల్లల్నీ తూచారక్కడ. ఎవరింట బిడ్డ పుట్టినా ఆదివారం ఆదివారం తెచ్చి త్రాసు తట్టలో పడుకోబెట్టేవాళ్లు. మైసయ్య తూచి, సున్నపు గోడ మీద బొగ్గుతో పేరూ కిలోలూ రాసేవాడు. ఇప్పుడు ఆటో తోలే భారీమనిషి వేణుగోపాల్ ఆ గోడ మీద ఇంకా మూడున్నర కిలోలే. రోడ్డు వెడల్పులో ఇక అంతా పోతోంది.

“మా బిడ్డ స్వీటీ పేరున్న పెచ్చు ఒక్కటి తీసియ్యన్నా.”

“ఇరవై రెండేండ్లాయె చెల్లె. ఎప్పుడో చెరిగిపోయింది. ఇంటికి పో.”

“గదేంది, గీడ కనపడుతలేదా?” ఆమె కొంగుతో దుమ్ము తుడిచింది.

స్వీటీ: రెండున్నర, రెండుంబావు, రెండున్నర, రెండు ముప్పావు, మూడు, మూడుంబావు. అంతే. ఆ తర్వాతి ఆదివారానికి స్వీటీ లేదు.

రాహేలు ఆ అంకెల మీద అరచేయి పెట్టి బావురుమంది.

“గిదెందుకు నీకు? పాత దుఃఖం తవ్వుకునుడు తప్ప!” మైసయ్య కసురుకున్నాడు.

“మా ఆయన వెస్లీకి చూపెట్టాలె. లొల్లి అయినప్పుడల్లా, పాలియ్యక పిల్లను చంపుకున్నవంటడు. రెండో వారం బరువు తగ్గితే గిక్కడనే కూలబడి ఏడ్చిన, యాదికున్నదా? నువ్వే నీళ్లు తాపి, ఫికర్ చెయ్యకు, వచ్చేవారం పెరుగుతది అన్నవ్. నీ నోటి చలువ, పెరిగింది! పెరుగుతున్నది గదా అనే దవాఖానకు తీస్కపోలే. నేను కడుపు మాడ్చలేదని గీ గోడ ఒక్కటే చెప్తదన్నా.”

మైసయ్య డ్రైవర్ దగ్గర సుత్తీ ఉలీ అడిగి తీసుకున్నాడు. గంటసేపు చెక్కి, అంకెలు చెదరకుండా ఆ పెచ్చు ఊడదీశాడు. రాహేలు దాన్ని కొంగులో చుట్టి గుండెకు హత్తుకుంది.

“దేవుడు నిన్ను సల్లగ చూడాలె అన్నా!”

ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా మైసయ్య తలెత్తలేదు.

రెండో వారం తర్వాత ప్రతి ఆదివారమూ, ఆమె ఏడుపు చూడలేక, స్వీటీ ఉన్న తట్టను వేలితో నొక్కింది ఆయనే.