తప్పు మాట లేని ప్రకటన

పేపర్లో గుర్తు పెట్టుకున్న నాలుగు ఇళ్లలో మూడు మధ్యాహ్నానికే అయిపోయాయి. ముగ్గురు యజమానులూ ఒకే బడిలో చదువుకున్నట్టు ఒకే సాకు చెప్పారు. భార్య వీల్‌చైర్ తోసుకుంటూ అతను నాలుగో గేటు ముందు ఆగాడు.

బస్సు ప్రమాదంలో ఆమె కాళ్లు చచ్చుబడి మూడు నెలలు. అద్దెకుంటున్న మూడో అంతస్తు నుంచి ఆస్పత్రికి వెళ్లాలంటే అతను ఆమెను ఎత్తుకుని యాభై నాలుగు మెట్లు దిగాలి. కింది వాటా దొరికితే తప్ప గతి లేదు.

"ఈ ఇంటాయన ఏం రాయించాడు?" అందామె.

"'ప్రశాంతత కోరే చిన్న కుటుంబానికి.' అంటే పిల్లలు వద్దని. 'మా వాతావరణంలో కలిసిపోయేవారికి.' కులం అడుగుతారని. 'చురుకైన జీవనశైలి గలవారికి...'"

"నాబోటి వాళ్లు వద్దని. మీకు భలే తెలుస్తాయండీ ఈ గుట్లు."

అతను బెల్లు నొక్కాడు.

ఇంటాయన వచ్చాడు. మనుషుల్ని వదిలేసి చక్రాలకేసి చూశాడు. కడిగిన గచ్చు మీద బురద కాలు పడ్డట్టు మొహం ముడిచాడు.

"నిన్ననే ఇచ్చేశామండీ."

వెనక టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. అబద్ధానికి కూడా ఒళ్లు వంచని బద్ధకం.

"కుర్చీ చూసే కదండీ కాదంటున్నారు?" అందామె.

"నేనన్నానా తల్లీ ఆ మాట? ప్రకటన చూసుకోండి, ఒక్క తప్పు మాట ఉంటే చెప్పండి. ఎక్కడికెళ్లినా మమ్మల్ని పట్టుకోలేరు." పళ్లికిలించి తలుపేసుకున్నాడు.

"పోదాం పదండి. ఇంకెంతమంది చేత తిట్లు తింటాం?"

"తిట్టలేదుగా. అదే వాళ్ల తెలివి," అంటూ అతను కుర్చీని ఇంటి దారి కాకుండా అద్దె వివక్ష ఫిర్యాదుల ఆఫీసు వైపు తిప్పాడు.

అక్కడి గుమాస్తా ప్రకటన రెండుసార్లు చదివి పెదవి విరిచింది.

"అన్నీ మంచి మాటలేనండీ. వీటి వెనక మీరు చెప్పే అర్థం ఉందని ఎవరు రుజువు చేస్తారు? తెలిసినవాళ్లెవరైనా సాక్ష్యం చెప్పాలి."

అతను భార్య కాళ్లకేసి చూశాడు. తర్వాత ఫిర్యాదు ఫారం, కలం అడిగి తీసుకున్నాడు.

సాక్షి గడిలో తన పేరు, వృత్తి గడిలో 'ఆ పత్రికలో పదకొండేళ్లుగా ఈ ప్రకటనలు రాసిపెడుతున్నవాణ్ణి' అని రాశాడు.